పర్దా వెనక పర్యాయపదాలు

మొన్నటి వానాకాలంలో ఒక సాయంత్రం నాంపల్లి మెట్రో మెట్లు దిగుతున్నాను. వాన అప్పుడే వెలిసింది. తడిసిన గాలిలో ఎక్కడి నుంచో బిస్కెట్లు కాలుతున్న వాసన వచ్చింది. అది ఏ బేకరీదో చూద్దామని తల తిప్పేలోపే ఒక మాట నా చెవిలో పలికింది. 'అరోమా'. మధ్య అక్షరాన్ని గజల్ పాడేవాళ్ళలా సాగదీసి, చివరి అక్షరాన్ని మెల్లగా దించి పలికిన గొంతు మా నాన్నది. వెనక నుంచి వచ్చేవాళ్ళు నన్ను తప్పించుకుని దిగిపోతున్నారు. నేను రెయిలింగ్ పట్టుకుని కాసేపు అక్కడే నిలబడిపోయాను. ఉద్యోగమంతా ఆడపిల్లలకు ఇంగ్లీషు చెప్పిన మనిషిని. ఎంతమంది ఉచ్చారణ దిద్దానో లెక్కలేదు. కానీ కొన్ని ఇంగ్లీషు నామవాచకాలు నాకు ఇప్పటికీ నాన్న పలికినట్టే వినిపిస్తాయి. వాటిని దిద్దాలని నాకు ఎన్నడూ అనిపించలేదు.

మేము అప్పట్లో నాంపల్లి స్టేషన్‌కు దగ్గర్లో ఒక సందులో కిరాయికి ఉండేవాళ్ళం. షాబాదు బండలు పరిచిన రెండు గదులు, ముందు ఒక వరండా, పక్క నుంచి మేడ మీదికి మెట్లు. ఆ ఇంట్లో గడియారం ఉన్నా దాన్ని ఎవరూ చూసేవాళ్ళు కాదు. పొద్దున బండి కూత వేస్తే అమ్మ బొగ్గుల కుంపటి రాజేసేది. మధ్యాహ్నపు బండి వెళ్ళాక నానమ్మ కునుకు తీసేది. దండెం మీద ఆరేసిన బట్టల మీద ఇంజను పొగ నుసి నుసిగా పడుతుంటే నానమ్మ ఒక్కొక్క బట్టనూ దులుపుతూ రైలును మనిషిని తిట్టినట్టు తిట్టేది. గురువారం సాయంత్రాలు దర్గా వైపు నుంచి గులాబీలు, ఊదు కలిసిన గాలి వచ్చేది. అప్పుడు మా ఇల్లు కాసేపు మా ఇల్లులా ఉండేది కాదు. ఎవరో పెద్దవాళ్ళు మా ఇంట్లోకి వచ్చి కూర్చున్నట్టు అందరం మెల్లగా మాట్లాడుకునేవాళ్ళం.

నాన్న పేరు నర్సింగరావు. సర్కారు దఫ్తరులో గుమాస్తా. చదువంతా ఉర్దూలోనే సాగింది. ఆ కాలపు హైదరాబాదులో అది వింతేమీ కాదు. ఇంట్లో తెలుగు, దఫ్తరులో ఉర్దూ, దేవుడి ముందు సంస్కృతం. మూడింటి మధ్యా ఆయన చెప్పులు మార్చుకున్నంత తేలిగ్గా తిరిగేవాడు. సందులో ఎవరికి ఏ అర్జీ కావాలన్నా మా వరండాలోకే వచ్చేవాళ్ళు. నాన్న రెల్లు కలం చెక్కుకుని, సిరాలో ముంచి, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని మొదలుపెట్టేవాడు. రాయడం అయ్యాక పైకి చదివి వినిపించేవాడు. అడుగుతున్నది నల్లా కనెక్షనే అయినా వింటున్నవాళ్ళు "వాహ్" అనేవాళ్ళు.

యాభై ఆరులో కొత్త రాష్ట్రం వచ్చిన తర్వాత ఆ కలం మెల్లమెల్లగా పనిలేనిదైంది. అంతకు కొన్నేళ్ళ ముందు నుంచే దఫ్తరులో ఇంగ్లీషు కాగితాలు మొదలయ్యాయి. ఇప్పుడు ఫైలు మొదటి నుంచి చివరిదాకా ఇంగ్లీషే. ఒకరోజు నాన్న ఇంటికొచ్చి, షేర్వాణీ కూడా విప్పకుండా వరండాలో కూర్చుండిపోయాడు. అమ్మ చాయ్ తెచ్చి పక్కన పెట్టింది.

"ఏమైంది? గట్ల కూసున్నరు?"

"ఏమైతది? ఇంగ్లీషైంది," అన్నాడు నాన్న.

అమ్మకు అర్థం కాలేదు. నాన్న చాయ్ వైపు చూస్తూ చెప్పాడు. "ఇంగ్లీషుల ఇంతెహాన్ పెడుతున్నరు. పాసైనోళ్ళు ఈడ ఉంటరు. కానోళ్ళను అడవి జిల్లాలకు ఏస్తరంట. ఈ ఉమర్ల నేను ఏబీసీడీలు దిద్దుకోవాలె."

ఆయనకు ఏబీసీడీలు రాక కాదు. ఇంగ్లీషు చదివితే అర్థమయ్యేది. రాయబోతేనే మాట దొరికేది కాదు. ఉర్దూలో ఒక సంగతికి పది మాటలు వరసకట్టి వచ్చే మనిషికి, ఇంగ్లీషులో ఒక్క మాట కోసం తడుముకోవాల్సి రావడం ఎంత చిన్నతనంగా ఉండేదో నాకు చాలా ఏళ్ళ తర్వాత గాని తెలియలేదు. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే. బదిలీ అయితే నానమ్మ మందులు, నా బడి, ఈ రైళ్ళు, ఈ సందు అన్నీ వదిలేసి వెళ్ళాలి.

మా మేడ మీది గదిలో ఎస్తేరు టీచర్ ఉండేవారు. మెదక్ దగ్గరి పల్లె ఆమెది. తండ్రి అక్కడి చర్చిలో ఉపదేశి. మిషన్ బళ్ళో చదువుకుని, ఆబిడ్స్‌లో ఒక ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు చెప్పేవారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తెల్లటి నేతచీర, చేతిలో గొడుగు. మరుసటి రోజు సాయంత్రం ఆమె మెట్లెక్కబోతుంటే నాన్న లేచి నిలబడ్డాడు. "టీచరమ్మా, మా బిడ్డకు జర ఇంగ్లీషు చెప్తరా?" అన్నాడు. నా వైపు చూడకుండా అన్నాడు.

అలా నా చదువు మొదలైంది. నానమ్మ ఒప్పుకుంది గాని తన పద్ధతి తనది. టీచర్ వరండా దాటి లోపలికి రాకూడదు. ఆమె నీళ్ళు తాగే గ్లాసు విడిగా గూట్లో ఉంటుంది. టీచర్‌కు ఇది తెలుసు. తెలిసినట్టు ఎన్నడూ కనబడనిచ్చేవారు కాదు. వరండాకూ లోపలి గదికీ మధ్య వాకిలికి పాత పచ్చరంగు పర్దా ఒకటి వేలాడేది. ఇవతల చాప మీద టీచర్, నేను. అవతల కుర్చీలో నాన్న, చేతిలో ఉర్దూ పత్రిక.

టీచర్ నా పుస్తకం తిరగేసి పక్కన పెట్టారు. "నీ దగ్గర మాటలు తక్కువున్నయి బిడ్డా. ముందు నామవాచకాలు పట్టుకుందాం. రోజూ ఒక్క నౌన్. దానికి చుట్టాలు ఎవరెవరో చూద్దాం," అన్నారు. మొదటి రోజు మాట 'జర్నీ' అని గుర్తు. అప్పుడే స్టేషన్‌లో బండి కదిలిన చప్పుడవుతోంది. "చార్మినార్ దాక పోయొస్తె ట్రిప్. నేను మెదక్ పోతె జర్నీ. ఓడల పోతె వాయేజ్. అన్నీ పోవుడే, కని ఒక్కటి కాదు," అన్నారు. లోపలి నుంచి నానమ్మ గొంతు వినబడింది. "కాశీకి పోతె ఏమంటరంట?" టీచర్ నవ్వి, "పిల్గ్రిమేజ్ అంటరు అవ్వా," అన్నారు. నానమ్మ ఆ మాటను రెండుసార్లు నోట్లో తిప్పుకుని, "నోరు తిరుగుతలేదు. నడిచి పోవుడే నయం," అంది.

సాయంత్రాలు అలా ఒక్కొక్క మాటతో గడిచేవి. బయట సందులో గ్యాసుబత్తీ వెలిగించుకుని మిర్చీల బండి పోయేది. అమ్మ లోపల పోపు వేస్తే మేమిద్దరం ఒకేసారి తుమ్మేవాళ్ళం. టీచర్ మాట చెప్పి, నాతో పలికించి, మళ్ళీ చెప్పేవారు. కొన్నాళ్ళకు ఆమె గొంతు పెంచడం గమనించాను. "ఎందుకు టీచర్ అంత గట్టిగ చెప్తున్నరు?" అని అడిగాను. "రైలు చప్పుడుల ఇనపడొద్దా?" అన్నారు. అప్పుడు ఏ రైలూ లేదు. పర్దా అవతల పత్రిక పేజీ తిరిగిన చప్పుడు కూడా చాలాసేపటి నుంచి లేదు.

ఒకరోజు మాట 'ఫియర్'. నేను 'ఫియర్', 'ఫ్రైట్' అని ఆగిపోయాను. మూడోది నాలుక చివర ఉంది, రావడం లేదు. టీచర్ ఎదురుచూస్తున్నారు. వరండాలో ఈగ తిరుగుతున్న చప్పుడు కూడా వినిపిస్తోంది. అప్పుడు పర్దా వెనక నుంచి నాన్న గొంతు వచ్చింది.

"డ్రెడ్."

నేను ఉలిక్కిపడ్డాను. టీచర్ పర్దా వైపు చూడలేదు. నా వైపే చూస్తూ, "కరెక్ట్. ఇంకొకటి?" అన్నారు.

కాసేపటికి మళ్ళీ వచ్చింది. "టెర్రర్."

"కరెక్ట్. ఇంకా?"

ఈసారి చిన్న గొంతుతో, "అది తెల్వదు టీచరమ్మా," అన్నాడు నాన్న.

"అది రేపు చెప్త. రేపటి నుంచి కుర్చీ ఇటు ఏసుకోండి రావ్ సాబ్. లేకుంటె మీకన్న ముందు ఈ పర్దా పాసైతది."

లోపల అమ్మ పకపకా నవ్వింది. అమ్మ అంత గట్టిగా నవ్వడం నేను అంతకు ముందు వినలేదు. నాన్న పర్దా తొలగించుకుని బయటికి వచ్చాడు. మొహం ఎర్రబడింది. కుర్చీ తెచ్చుకోలేదు. వచ్చి నా పక్కన చాప మీదే కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి మా చదువు రంగు మారింది. టీచర్ ఇంగ్లీషు మాట చెప్తే నాన్న దానికి ఉర్దూ మాట వెతికి పక్కన పెట్టేవాడు. 'ఫియర్' అంటే డర్. 'డ్రెడ్' అంటే ఖౌఫ్. 'టెర్రర్' అంటే దహ్షత్. "సరిపోయింది. ముగ్గురికి ముగ్గురు," అని చిన్నపిల్లాడిలా సంబరపడేవాడు. టీచర్‌కు బజార్లో మాట్లాడే దక్కనీ ఉర్దూ వచ్చు గాని ఆ మాటల లోతు అంతగా తెలియదు. ఆమె ఆయన్ని అడిగేవారు. "ఖౌఫ్‌కూ డర్‌కూ ఏం ఫరక్ సాబ్?" నాన్న ఆలోచించి, "డర్ కుక్కను చూస్తె అయితది. ఖౌఫ్ కుక్క లేకున్నా ఉంటది," అనేవాడు. ఇద్దరు పెద్దవాళ్ళు మాటల్ని చేతిలోకి తీసుకుని, బరువు చూసి, వెలుతురులోకి తిప్పి చూస్తుంటే నాకు నిద్ర ముంచుకొచ్చేది. సగం నిద్రలో విన్న ఆ మాటలు తర్వాత పుస్తకాల్లో ఎదురైనప్పుడు, కలలో చూసిన మనుషులు బజార్లో కనిపించినట్టు ఉండేది.

ఆదివారం చర్చి అయ్యాక టీచర్ ఒక్కోసారి మమ్మల్ని ఆబిడ్స్ దాకా నడిపించేవారు. వెళ్ళే ముందు ఒక మాట చెప్పేవారు. ఒక ఆదివారం మాట 'స్మెల్'. స్టేషన్ ముందు టాంగా గుర్రాల దగ్గర ముక్కు మూసుకుని "స్టింక్" అన్నాను. "గుర్రమేమన్న అనుకుంటది, ఓడర్ అను," అన్నారు టీచర్. పూలమ్మేవాళ్ళ దగ్గర నాన్న ఆగి, మల్లెచెండు ఒకటి కొని, "ఫ్రేగ్రెన్స్. ఖుష్బూ," అన్నాడు. ఆ చెండును ఎవరికివ్వాలో తెలియక దారంతా తన చేతిలోనే పట్టుకుని నడిచాడు. ఆబిడ్స్‌లో అప్పుడు ఇంత జనం లేరు. పెద్ద పోస్టాఫీసు ముందు రోడ్డు ఖాళీగా, కడిగినట్టుగా ఉండేది. దుకాణాల అద్దాల్లో మేము ముగ్గురం నడుస్తూ కనిపించేవాళ్ళం. ఒక బేకరీ ముందు టీచర్ కళ్ళు మూసుకుని నిలబడ్డారు. "దీన్ని అరోమా అంటరు," అన్నారు. నాన్న కూడా కళ్ళు మూసుకున్నాడు. "అరోఓమా," అన్నాడు. ఆ పక్కనే పుస్తకాల దుకాణంలో ఒక కొత్త పుస్తకం తెరిచి నా ముక్కు దగ్గర పెట్టారు టీచర్. "మరి దీన్నేమంటరు?" అని అడిగాను. "దీనికి మాట నాకూ తెల్వదు బిడ్డా," అన్నారు. ఆమెకు తెలియని మాట కూడా ఉందని నాకు ఆ రోజే తెలిసింది. ఆ సాయంత్రమంతా ఆ సంగతి ఎంతో అందంగా అనిపించింది.

నాన్నకు మాటలు పెరిగాయి. మాటలతో పాటు ధైర్యమూ పెరిగింది. పరీక్ష ఇంకా దూరం ఉండగానే దఫ్తరులో ఒక డ్రాఫ్టు తనంతట తాను రాస్తానన్నాడు. ఏదో తాలూకాలో కచేరీ పైకప్పు కురుస్తోంది, మరమ్మతు చేయించండి. అంతే సంగతి. నాన్న పొద్దుపోయేదాకా కూర్చుని రాసుకుని, ఇస్త్రీ చేసిన చొక్కాలా మడతపెట్టి తీసుకువెళ్ళాడు. ఆ సాయంత్రం సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు, ఎక్కి కాదు. వరండాలో టీచర్ ఉన్నారని తెలిసి కూడా నేరుగా లోపలికి వెళ్ళి పర్దా లాగేశాడు.

అమ్మ లోపలికి వెళ్ళి మెల్లగా అడిగి తెలుసుకుంది. కోస్తా వైపు నుంచి వచ్చిన పై అధికారి ఆ డ్రాఫ్టును అందరి ముందూ పైకి చదివాడట. పైకప్పుకు 'డ్యామేజ్, హార్మ్, ఇంజురీ, లాస్, రూయిన్' అన్నీ జరిగాయనీ, వాటివల్ల గుమాస్తాలు 'ఫియర్, డ్రెడ్, టెర్రర్'లలో ఉన్నారనీ రాసి ఉంది. "కప్పు కురిసిందని రాయమంటే ప్రళయం వచ్చిందని రాశాడయ్యా ఈయన," అన్నాడట ఆ అధికారి. దఫ్తరంతా నవ్విందట. నాన్నతో పాటు ఏళ్ళ తరబడి ఉర్దూలో రాసినవాళ్ళు కూడా నవ్వారట. ఆయనకు తగిలింది అదే.

మరుసటి రోజూ, ఆ తర్వాతి రోజూ నాన్న చాప మీదికి రాలేదు. పర్దా అవతల కుర్చీ చప్పుడు కూడా లేదు. మూడో రోజు టీచర్ నాకు చదువు చెప్పలేదు. పర్దాతోనే మాట్లాడారు.

"రావ్ సాబ్, ఉర్దూల రంజో-గమ్ అంటరు. రెండూ దుఃఖమే. ఎందుకు రెండు మాటలు?"

పర్దా అవతలి నుంచి జవాబొచ్చింది. "గట్ల అంటెనే అందం టీచరమ్మా. ఒక్కటే అంటె బిచ్చం ఏసినట్లుంటది."

"ఇంగ్లీషుల గట్ల కాదు సాబ్. ఇంగ్లీషుల రెండో మాట మొదటిదాన్ని నమ్మలేదన్నట్లు."

టీచర్ లేచారు. వరండా దాటకూడదని తెలిసిన ఆమె గడప దగ్గరే నిలబడి, లోపల వంటింట్లో ఉన్న అమ్మను పిలిచారు. "అక్కా, ఇయ్యాల పప్పు దేంట్ల ఒండినవ్?"

"గిన్నెల," అంది అమ్మ, ఇదేం ప్రశ్న అన్నట్టు.

"గుండిగల ఒండలేదా?"

"నలుగురికి గుండిగెందుకు? పెండ్లా?"

"మరి గుండిగ, తపేలా, చెంబు, బోకె అన్నీ ఉన్నయి కద ఇంట్ల. అన్నీ పొయ్యి మీద పెట్టలేదా?"

అమ్మకు నవ్వొచ్చింది. నవ్వాపుకుంటూ నాన్న వైపు చూసి ఉంటుంది. కాసేపటికి పర్దా కదిలింది. నాన్న వచ్చి చాప మీద కూర్చుని, "కప్పుకు ఏ గిన్నె పెట్టాలె, చెప్పండి," అన్నాడు.

"గోడకూ కప్పుకూ డ్యామేజ్. ఒంటికి ఇంజురీ. పోయి తిరిగి రానిదానికి లాస్," అన్నారు టీచర్. ఆ రోజు నుంచి పని తిరగబడింది. అంతదాకా మాటలు పోగుచేయడం నేర్పిన ఆమె ఇప్పుడు తీసేయడం నేర్పసాగారు. నాన్న వాక్యం చెప్పేవాడు. ఆమె ఒక్కొక్క మాట మీద వేలు పెట్టి, "ఇది పోతె ఏమైతది?" అనేవారు. ఏమీ కాదంటే కొట్టేసేవారు. మొదట్లో నాన్న ఒక్కో మాటకూ బేరమాడేవాడు. తర్వాత తర్వాత తానే కొట్టేసి, మిగిలిన వాక్యాన్ని చదువుకుని, "బక్కగైంది. కని బాగుంది," అనేవాడు.

పరీక్ష దగ్గరపడుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం టీచర్‌కు తంతి వచ్చింది. తండ్రి పోయాడు. ఆమె చెట్టంత మనిషి మెట్ల మీదే కూలబడ్డారు. నాన్న దఫ్తరులో ఉన్నాడు. అమ్మ నానమ్మను కేకేసింది. కునుకులోంచి లేచిన నానమ్మ వచ్చి చూసింది. గూట్లోని గ్లాసు తీసుకుని, కుండలో నీళ్ళు ముంచి, మెట్లెక్కి టీచర్ పక్కనే కూర్చుంది. ఆమె తల తన భుజానికి ఆనించుకుని, పిల్లకు తాగించినట్టు రెండు గుక్కలు తాగించింది. "ఏడువు బిడ్డా. ఏడిస్తె పోతది కొంత," అంది. ఎండ చుర్రుమంటోంది. చాలాసేపు అలాగే కూర్చున్నారు ఇద్దరూ. ఆ తర్వాత నానమ్మకు కూడా దాహం వేసినట్టుంది. ఆ గ్లాసులో మిగిలిన నీళ్ళు ఎత్తి తాగేసింది. నేను కింద నిలబడి చూశాను. చూసి తాగిందో, చూసుకోక తాగిందో నాకు తెలియదు. ఆ సంగతి నానమ్మ ఎప్పుడూ ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు.

టీచర్‌కు ముగ్గురు చెల్లెళ్ళు, వాళ్ళ చదువులు, పెళ్ళిళ్ళు అన్నీ ఇక ఆమె మీదే. మెదక్‌లోని మిషన్ బళ్ళోకి మారిపోయారు. వెళ్ళే రోజు సామాను బస్సులోకి ఎక్కించి, నాన్న ఏదో చెప్పాలని నిలబడ్డాడు. ఏ భాషలోనూ మాట రాలేదు. "మంచిగ రాయండి సాబ్," అన్నారు ఆమె కిటికీలోంచి. నా తల నిమిరారు. ఖాళీ అయిన మేడ గది కింద మేము ఆ సాయంత్రం చాప పరుచుకున్నాం. నాన్న వాక్యం చెప్పాడు. దాని మీద వేలు పెట్టి నేనే అడిగాను, "ఇది పోతె ఏమైతది నాన్నా?" అని.

నాన్న పాసయ్యాడు. గొప్పగా కాదు, పాసయ్యాడు. మేము నాంపల్లిలోనే ఉండిపోయాం. ఆయన డ్రాఫ్టులు పొట్టిగా ఉంటాయని దఫ్తరులో పేరొచ్చింది. ఒకప్పుడు నవ్విన అధికారే కష్టమైన కాగితాలు నాన్న బల్ల మీదికి పంపేవాడట. అయినా ఇంట్లో ఆయన ఉర్దూ పత్రిక ఆగలేదు. సందులో అర్జీల కోసం వచ్చేవాళ్ళు మాత్రం తగ్గిపోయారు. కలం చెక్కుకునే చాకు కూరగాయల పీట దగ్గరికి చేరింది. ఆ చాకుతో అమ్మ పచ్చిమిరపకాయలు కోస్తుంటే నాన్న అటు చూసేవాడు కాదు. ఆయన గెలిచాడని అందరం అనుకున్నాం. దాని వెనక ఒక పోగొట్టుకోవడం కూడా ఉందని అనడానికి మా దగ్గర అప్పుడు మాటలు లేవు. టీచర్ ఉంటే ఏ మాట సరిపోతుందో చెప్పేవారేమో.

నేను ఇంగ్లీషు చదివి, బషీర్‌బాగ్‌లో ఒక కాలేజీలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టాను. అక్కడా పర్యాయపదాలు చెప్పాను. పిల్లలు వరసగా బట్టీపట్టి అప్పజెప్పేవాళ్ళు. ఇప్పుడైతే అదీ అక్కరలేదు. ఫోన్లో ఒక మాట మీద వేలు పెడితే పదిహేను మాటలు రాలిపడతాయి. అది మంచిదే. ఎంతోమంది నర్సింగరావుల పరువు అది కాపాడుతుంది. కానీ ఒక మాట కోసం ముగ్గురు మనుషులు బేకరీ ముందు కళ్ళు మూసుకుని నిలబడిన తీరిక ఆ వేలికి తెలియదు. మాకు మాటలు మనుషుల గుండా వచ్చాయి. అందుకే ఏ మాట ముట్టుకున్నా వెనక ఎవరో ఒకరు కదులుతారు.

డెబ్భైల్లో, ఉద్యోగం నుంచి దిగిన కొంతకాలానికే నాన్నకు పక్షవాతం వచ్చింది. దవాఖాన నుంచి ఇంటికొచ్చేసరికి కుడిచెయ్యి కొంత కదిలింది గాని మాటలు పోయాయి. పూర్తిగా కాదు. దుప్పటి కావాలంటే 'కాగితం' అనేవాడు. అమ్మను పిలవబోయి 'కిటికీ' అనేవాడు. తప్పు పలికినట్టు ఆయనకే తెలిసేది. కళ్ళు మూసుకుని లోపల వెతుక్కునేవాడు. దొరికేది కాదు. డాక్టరు మాట్లాడిస్తూ ఉండమన్నాడు. నేను కాలేజీ నుంచి రాగానే ఎదురుగా కూర్చుని, "ఇది ఏంది నాన్నా? గ్లాస్. అను. గ్లాస్," అంటూ ఉండేదాన్ని. ఆయన ఒకరోజు ఎడమచేత్తో నా చేతిని తోసేసి మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

ఎవరి ద్వారానో తెలిసి ఎస్తేరు టీచర్ వచ్చారు. తల పూర్తిగా నెరిసింది. అదే తెల్లచీర. నానమ్మ అప్పటికి లేదు. అమ్మ ఆమెను చెయ్యి పట్టుకుని లోపలికి, నాన్న మంచం దాకా తీసుకువచ్చి కుర్చీ వేసింది. నాన్న ఆమె వైపు చూస్తున్నాడు. నేను వంగి, "ఎవరొచ్చిన్రో గుర్తుపట్టినవా నాన్నా? ఎవరు చెప్పు?" అన్నాను.

టీచర్ నా చేతి మీద చెయ్యి వేశారు. "అడగకు బిడ్డా. ఇయ్యాల ఎవరినీ ఏం అడగొద్దు," అన్నారు.

ఆమె కూర్చుని తన సంగతులు చెప్పసాగారు. మెదక్‌లో చెరువు నిండిన సంగతి, చెల్లెళ్ళ పిల్లల సంగతి, బళ్ళో కొత్తగా వేసిన బెంచీల సంగతి. మధ్యలో ఎక్కడా ఆగి జవాబు కోసం చూడలేదు. అమ్మ చాయ్ తెచ్చి అందరికీ ఇచ్చి, తానూ కప్పు పట్టుకుని మంచం అంచున కూర్చుంది. కిటికీలోంచి సాయంత్రపు ఎండ దుప్పటి మీద పడుతోంది. నాన్న మొహం మెల్లగా సడలింది. ఎన్నో రోజులుగా ఆయన కనుబొమ్మల మధ్య ఉన్న ముడి విడిపోయింది. కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాం. టీచర్ మాట ఆపి కప్పు కింద పెట్టారు.

అప్పుడు నాన్న కళ్ళు తెరవకుండానే, తడబడకుండా, స్పష్టంగా అన్నాడు.

"ఉస్తాద్."

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. టీచర్ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. ఆ తర్వాత బళ్ళో పేరు పిలిస్తే పిల్లలు పలికినట్టు, వీపు నిటారుగా చేసి, పలికారు.

"హాజిర్, సాబ్."